తోబుట్టువుతో అంగ్కోర్ యాత్ర: రాతిగోడల మీద మన కథలు చదువుకోవడం ఎలా?

అంగ్కోర్ వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువ మంది ముందు గుళ్ల లెక్క చెబుతారు. మూడు రోజుల్లో పద్దెనిమిది చూశాం, ఇరవై చూశాం అని. మా అక్కా నేనూ మూడు రోజుల్లో చూసినవి ఆరే. ఇంకొన్ని చూసి ఉండాల్సింది అని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఎందుకంటే కాంబోడియాలోని ఆ గోడల మీద చెక్కి ఉన్నవి చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని మేమిద్దరం విన్న కథలు. అమ్మమ్మ చెప్పిన దాంట్లో సగం అక్కకి గుర్తుంది, మిగతా సగం నాకు. ఆ రెండు సగాలూ కలిస్తేనే గోడ పూర్తిగా అర్థమవుతుంది. అన్నయ్యతోనో, చెల్లితోనో, తమ్ముడితోనో ఈ యాత్రకి వెళ్లాలనుకునేవాళ్లకి మేం ఎలా చేశామో, మళ్లీ వెళ్తే ఏం మార్చుకుంటామో వరసగా చెబుతాను.

మొదటి పని: టికెట్ల కంటే ముందు కథలు

ప్రయాణానికి నెల ముందు నుంచి రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసుకుని రోజుకో కథ చెప్పుకోండి. పెద్ద జాబితా అక్కర్లేదు. క్షీరసాగర మథనం, కురుక్షేత్రంలో భీష్ముడూ ద్రోణుడూ పడిపోయిన తీరు, ఖాండవ దహనం, కైలాసాన్ని ఎత్తబోయిన రావణుడు, మన్మథ దహనం, వాలి వధ, కంస వధ, గోవర్ధనగిరి, బాణాసురుడు, లంకా యుద్ధం. ఇవి గుర్తుంటే అక్కడ ముప్పావు వంతు శిల్పాలు గైడు లేకుండానే గుర్తుపడతారు. ఒకరు చెబుతుంటే రెండోవాళ్లు "కాదు, అలా కాదు" అని అడ్డుపడాలి. అలా వాదించుకున్నవే గోడ ముందు నిలబడ్డప్పుడు ముందుగా గుర్తొస్తాయి.

రెండో పని: కాగితాలు, విమానం, డబ్బు

వీసా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. కాంబోడియా ప్రభుత్వ సొంత వెబ్‌సైటులోనే తీసుకోండి. అలాంటి పేర్లే పెట్టుకుని ఎక్కువ గుంజేవి చాలా ఉన్నాయి. పాస్‌పోర్టుకి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. దిగే తేదీకి ముందు 7 రోజుల్లోపు ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి. దానికి రుసుము లేదు.

హైదరాబాద్ నుంచి అయితే సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లలో ఒకచోట మారి అంగ్కోర్ పక్కనున్న ఊరు సీయెం రీప్‌లో దిగాలి. బ్యాంకాక్ దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సులో సరిహద్దు దాటొచ్చని పాత సలహాలు కనిపిస్తాయి. 2025లో థాయ్‌లాండ్, కాంబోడియాల మధ్య సరిహద్దు ఘర్షణలు జరిగాయి, కాబట్టి భూమార్గాన్ని నమ్ముకోవద్దు. సరిహద్దు కొండ మీదున్న ప్రియా విహార్ గుడిని కూడా ఈసారికి వదిలేయండి. సీయెం రీప్ కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో తెరిచారు. ఊరికి 40 కిలోమీటర్ల పైనే దూరం. రాత్రిపూట దిగేట్టయితే బస చేసే చోటువాళ్లకి చెప్పి బండి ముందే మాట్లాడుకోండి.

అక్కడి డబ్బు రియెల్, కానీ అమెరికా డాలర్లు కూడా అన్నిచోట్లా నడుస్తాయి. డాలరుకి సుమారు 4,000 రియెళ్లు. అంచు చిరిగినా, మరక ఉన్నా నోటు తీసుకోరు. ఇక్కడ కొనేటప్పుడే ఒక్కో నోటూ వెలుగులో చూసుకుని 1, 5, 10 డాలర్లవి ఎక్కువ తీసుకోండి.

ఇద్దరూ సమానంగా వేసిన ఉమ్మడి పర్సు ఒకటి పెట్టుకోండి. బండి, భోజనం, నీళ్లు అన్నీ దాంట్లోంచే. లెక్క ఒక్కరే రాయాలి, ఖాళీ అయితే మళ్లీ చెరి సగం వేయాలి. "పెద్దదాన్ని నేనుండగా నువ్విస్తావేంట్రా" అనే మాట మా ఇంట్లో ప్రతి హోటల్ బిల్లు దగ్గరా వస్తుంది. పర్సు వల్ల ఈసారి అది రాలేదు. బట్టలకీ బహుమతులకీ ఎవరి డబ్బు వాళ్లది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడానికి బాగుంటుంది. ఏప్రిల్ ఎండ మన రెంటచింతల ఎండని గుర్తుచేస్తుంది, దానికి ఉక్కపోత తోడు.

మూడో పని: పాసు, బట్టలు, బండి

గుళ్లు చూడటానికి కావాల్సిన పాసు గుడి దగ్గర ఇవ్వరు. ఊళ్లో దానికి విడిగా పెద్ద కేంద్రం ఉంది, ఆన్‌లైన్‌లోనూ కొనుక్కోవచ్చు. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాసు తీసుకోండి. అది 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా చెల్లుతుంది, కాబట్టి మధ్యలో ఒక రోజు కాళ్లకి విశ్రాంతి ఇవ్వొచ్చు. పాసు మీద మీ ఫొటో ఉంటుంది, ప్రతి గుడి దగ్గరా అడుగుతారు. దాన్ని ఎవరిది వాళ్లే మెళ్లో వేసుకోండి. ఇద్దరివీ ఒకరి సంచిలో ఉంటే ఇబ్బంది.

భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలుండాలి. అంగ్కోర్ వత్ పై అంతస్తుకి వెళ్లేటప్పుడు ఇది గట్టిగా చూస్తారు. చేతుల్లేని జాకెట్టు మీద చున్నీ కప్పుకున్నా ఒప్పుకోరు. ఆడవాళ్లకి నూలు చుడీదార్ అన్నిటికంటే సుఖం. చీరతో ఆ నిటారు మెట్లు దిగడం కష్టం. చెప్పులు వేసుకుని లోపలికి వెళ్లొచ్చు. విగ్రహానికి పూజ జరుగుతున్న చోట మాత్రం విప్పాలి.

రోజంతటికీ ఒక టుక్‌టుక్ మాట్లాడుకోండి. వాళ్లు చెప్పే "చిన్న చుట్టు", "పెద్ద చుట్టు" అనేవి దారుల పేర్లు, సుమారు 17 కిలోమీటర్లు ఒకటి, 26 కిలోమీటర్లు ఇంకొకటి. ఆ చుట్లకి లొంగితే గుడికి అరగంట చొప్పునే దక్కుతుంది. "మేం నెమ్మదిగా చూస్తాం, మధ్యాహ్నం బసకి వచ్చేస్తాం, మళ్లీ 3 గంటలకి వెళ్దాం" అని మొదటి పొద్దునే స్పష్టంగా చెప్పండి.

ఒక చిన్న దుర్భిణి కూడా సంచిలో పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి రోజు: అంగ్కోర్ వత్, అదొక్కటే

ఈ గుడిని 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించాడు. పొద్దున 5 గంటలకి తెరుస్తారు. చీకట్లోనే వందల మంది ఉత్తరం వైపు కోనేటి గట్టున చేరతారు, గోపురాల వెనక సూర్యుడు లేవడం చూడటానికి. మీరూ చూడండి. అయితే అసలు లాభం ఆ తర్వాతే. 7 గంటలకల్లా జనం టిఫిన్లకి వెళ్లిపోతారు. శిల్పాల వసారాలు ఖాళీ అయిపోతాయి. ముందు రోజే అరటిపళ్లూ బిస్కెట్లూ కొని పెట్టుకుంటే ఆ రెండు గంటలూ మీవే.

లోపలికి వెళ్లే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. ఈ గుడి పడమటి ముఖం. మనకి గుడి అనగానే తూర్పు వాకిలి. మా అక్క "తూర్పు గుమ్మం దగ్గర కలుద్దాం" అంటే నేను సరేనని అసలు తూర్పు వైపుకి వెళ్లాను. తను ప్రధాన ద్వారమే తూర్పనుకుని పడమట కూర్చుంది. గంటంబావు సేపు ఒకరి కోసం ఒకరం చూశాం, లోపల ఫోన్ సిగ్నలూ అందలేదు. కాబట్టి కలిసే చోటు దిక్కు పేరుతో కాదు, కంటికి కనబడే వస్తువుతో చెప్పుకోండి. పడమటి ద్వార మండపంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉంటాడు. అక్కడివాళ్లు "తా రీచ్" అంటారు. తా అంటే తాత, రీచ్ అంటే రాజు. కాషాయం బట్ట కట్టి, ముందు అగరొత్తులు వెలిగిస్తూనే ఉంటారు. అంతకంటే మంచి గుర్తు లేదు.

ఇక గోడలు. లోపలి పడమటి వసారాకి చేరగానే కుడి చేతి వైపు, అంటే దక్షిణానికి తిరగండి. గర్భగుడి మీ ఎడమ చేతికి వస్తుంది. మనం చేసే ప్రదక్షిణకి ఇది తిరగబడ్డ వరస, అప్రదక్షిణం. శిల్పాల వరస అలాగే నడుస్తుంది. మనకి అప్రదక్షిణం అపర కర్మల్లో ఉన్నదే. గుడి పడమటి ముఖం కావడాన్నీ ఈ వరసనీ కలిపి చూసి, ఇది ఆ రాజు మరణానంతరం కోసం కూడా కట్టిన గుడి అని పండితుల్లో చాలామంది అంటారు.

మొదట వచ్చేది కురుక్షేత్రం. సుమారు 49 మీటర్ల పొడవు. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు నడుచుకుంటూ వచ్చి మధ్యలో కలబడతారు. అంచుల్లో కవాతులా వరసగా ఉన్న కాళ్లు మధ్యకొచ్చేసరికి చిక్కుపడిపోతాయి. ఎడమ భాగంలో పై వరస చూడండి: భీష్ముడు బాణాల మీద పడుకుని ఉంటాడు, చుట్టూ మనుషులు. ఇక్కడ మేం ముప్పావు గంట ఉన్నాం. నీళ్లు తెమ్మంటే అర్జునుడు నేలలోకి బాణం వేసిన ఘట్టం అక్క చెబుతుంటే, పక్కన నిలబడ్డ ఇద్దరు జపాన్ అమ్మాయిలు భాష తెలియకపోయినా విన్నారు. కింది వరస రాయి నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. అది చేతుల మెరుపు, ఏళ్ల తరబడి జనం తడిమిన గుర్తు. మీరు మాత్రం ముట్టుకోవద్దు. కుంకుమ పెట్టడం, కొబ్బరికాయ కొట్టడం అసలే వద్దు. మొక్కాలనిపిస్తే చేతులు జోడిస్తే చాలు.

నైరుతి మూల మండపంలో మెడ ఎత్తి చూడండి. గోవర్ధనగిరి, వాలి వధ, కైలాసం కదిలించే రావణుడు, మన్మథుడు, అన్నీ అక్కడే ఉన్నాయి. కాస్త చీకటిగా ఉంటుంది, కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. దక్షిణపు గోడ మొదటి సగం సూర్యవర్మ ఊరేగింపు, గొడుగుల కింద రాజు. రెండో సగం స్వర్గ నరకాలు. దున్నపోతు మీద యముడు, పక్కన చిత్రగుప్తుడు, నేలలోని గుమ్మంలోంచి పాపుల్ని కిందికి తోసే భటులు. 32 నరకాలకీ పేర్లు చెక్కి ఉన్నాయి: అవీచి, వైతరణి, రౌరవం. మన పల్లెల్లో తిట్లలో వినబడే మాటలే.

మూల తిరిగాక తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం. అంగ్కోర్ అంతటికీ ఒక్క శిల్పం చాలంటే నా మటుకు నాకు ఇదే. ఎడమ 92 మంది అసురులు, కుడి 88 మంది దేవతలు, మధ్యలో నాలుగు చేతుల విష్ణువు, కింద కూర్మం, పైన గాలిలో అప్సరసలు. దూరం నుంచి చూసి కదలకండి. మందర పర్వతం కింద, సముద్రం చెక్కిన చోట వంగి చూడండి. చిలికే జోరుకి చేపలూ మొసళ్లూ రెండు ముక్కలై తేలుతుంటాయి. కవ్వానికి దగ్గరవి తెగిపోయాయి, దూరంగా ఉన్నవి ఇంకా మామూలుగా ఈదుతున్నాయి. మజ్జిగ చిలికేటప్పుడు కుండలో నడిమధ్య సుడి ఎలా ఉంటుందో చూసినవాడే అలా చెక్కగలడు. కుడి కొసన వాసుకి తోక పట్టుకున్నది హనుమంతుడిలాంటి వానరం. "మన కథలో ఇక్కడ హనుమంతుడు లేడు కదరా" అని అక్క. ఆ కథ వాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లది కూడా అయింది.

తూర్పు గోడ ఉత్తర భాగమూ, ఉత్తరపు గోడ తూర్పు భాగమూ తర్వాతి శతాబ్దాల్లో చెక్కినవి, పనితనం తక్కువ, నడుస్తూ చూస్తే సరిపోతుంది. చివరగా పడమటి గోడ ఉత్తర భాగంలో లంకా యుద్ధం: హనుమంతుడి భుజాల మీద నిలబడ్డ రాముడు, వెనక లక్ష్మణుడూ విభీషణుడూ, ఎదురుగా పది తలల రావణుడు.

పై అంతస్తు పేరు బకాన్. ఒకసారికి 100 మందినే పంపుతారు, 12 ఏళ్ల లోపు పిల్లల్ని ఎక్కనివ్వరు. నెలలో నాలుగు బౌద్ధ పర్వదినాల్లో మూసేస్తారు. ఆ రోజులు తెలుసుకోవడానికి మన ఇంటి గోడ క్యాలెండరే చాలు: రెండు అష్టములు, పౌర్ణమి, అమావాస్య. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. మెట్ల మీద చెక్క మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ వేశారు గానీ ఎత్తు మాత్రం నిచ్చెన ఎక్కినట్టే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బలవంతం చేయకండి. అక్క కింద నీడలో కూర్చుంది, నేను వెళ్లి ఇరవై నిమిషాల్లో వచ్చాను. ఒకరు ఆగిపోయినంత మాత్రాన రెండోవాళ్లు మానుకోనక్కర్లేదని ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరండి.

రెండో రోజు: బంతేయ్ స్రేయ్

ఊరి నుంచి 35 కిలోమీటర్ల పైచిలుకు. 7:30కి తెరుస్తారు, ఆ వేళకే చేరండి. తూర్పు ముఖం గుడి కాబట్టి లేత ఎండ నేరుగా శిల్పాల మీద పడుతుంది. 967 నాటి గుడి, కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. రాయి గులాబీ రంగు, చెక్కడం చెక్క మీద చెక్కినంత లోతు. గుడి చిన్నది, తలుపులు మనిషెత్తు కూడా ఉండవు. నడిమి భాగం తాడు కట్టేసి ఉంటుంది. ఇక్కడే దుర్భిణి పని.

లోపలికి వెళ్తుంటే ఎడమ వైపు కట్టడం నుదుట కైలాసం ఎత్తే రావణుడు. మెట్లుమెట్లుగా కొండ, బెదిరిన జంతువులు, పైన శివుణ్ని వాటేసుకున్న పార్వతి. కుడి వైపు దాని మీద ఖాండవ దహనం. పైన ఏనుగు మీద ఇంద్రుడు, ఏటవాలు గీతల్లా వాన, దాని కింద బాణాలతో అల్లిన పందిరి. ఒక్క చుక్క కూడా కిందికి రాదు. వానని రాతిలో గీయడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ రెండూ చూసి అందరూ ముందుకు వెళ్లిపోతారు. మీరు వెనక్కి తిరగండి. అవే కట్టడాల వెనక నుదుట ఎడమ దాని మీద మన్మథ దహనం, కుడి దాని మీద కంస వధ ఉన్నాయి.

తలుపుల పక్క రాళ్ల మీద సంస్కృత శాసనాలు కనిపిస్తే ఆగి అక్షరాలు చూడండి. కాంబోడియా భాష ఖ్మేర్. దాని లిపి మన లిపి లాగే దక్షిణ భారతపు బ్రాహ్మీ కొమ్మ నుంచి వచ్చింది. తలకట్టు లాంటిది పైన, ఒత్తులు కింద. చదవలేం, కానీ ముఖం తెలిసిన చుట్టాల్లా ఉంటాయి.

దారిలో గుర్తులేని కాలిబాటల్లోకి దిగకండి. యుద్ధ కాలపు మందుపాతరలు దూరపు పల్లెల్లో ఇంకా పూర్తిగా తీయలేదు. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం ప్రే రూప్ గుడి దగ్గర ఆగితే పొద్దుగూకడం చూడొచ్చు.

మూడో రోజు: బాయోన్, తా ప్రోమ్, ప్రియా ఖాన్

మూడూ ఏడో జయవర్మ కట్టించినవే. బాయోన్ గోపురాల మీది పెద్ద ముఖాల కోసం అందరూ పైకి ఎక్కుతారు. మీరు ముందు కింద బయటి గోడ, దక్షిణం వైపు చూడండి. పై వరసల్లో పొరుగు చంపా రాజ్యపు చామ్‌లతో పడవ యుద్ధం, కింద వరసలో మామూలు జనం. కోడిపందెం, సంతలో తూకం, వంటశాల, ఒకామె ఇంకొకామెకి పేలు చూడటం. అక్క అక్కడ కూర్చుండిపోయింది. వేసవి సెలవుల్లో మా అరుగు మీద తను పెద్దమ్మ కూతుళ్లకి చేసిన పని అది.

తా ప్రోమ్ చెట్ల వేళ్లు గోడల్ని పెనవేసుకున్న గుడి. ఆ పేరుకి బ్రహ్మ తాత అని అర్థం, అసలు పేరు రాజవిహారం. 1186లో రాజు దీన్ని తన తల్లి కోసం కట్టించి, ఆమెని బౌద్ధుల జ్ఞానదేవత ప్రజ్ఞాపారమిత రూపంలో నిలిపాడు. అక్కడి శాసనంలో 12,640 మంది నివసించారని, వాళ్లలో 615 మంది నర్తకులని లెక్క ఉంది. ఇప్పుడు జరుగుతున్న మరమ్మతుల్లో మన భారత పురావస్తు శాఖ వాళ్ల చేయి ఉంది. ఐదేళ్ల తర్వాత, 1191లో, అదే రాజు తండ్రి కోసం ప్రియా ఖాన్ కట్టించాడు. ఈ రెండూ ఒకే రోజు, ఇదే వరసలో చూడండి: పొద్దున అమ్మ గుడి, సాయంత్రం నాన్న గుడి. మాకు ఇద్దరూ లేరు. తా ప్రోమ్‌లో ఒక గంట ఎవరి దారిన వాళ్లం తిరుగుదామని విడిపోయాం. ఇలాంటి గంట ప్రతి రోజూ ఒకటి పెట్టుకోండి, రోజంతా అంటిపెట్టుకుని ఉంటే ఎంత అక్కాతమ్ముళ్లకైనా చిరాకు వస్తుంది.

తిండీ, మర్యాదా

శాకాహారులకి అసలు చిక్కు చేపల రసం. కూరగాయల వంటల్లో కూడా పోస్తారు. "మాంసం, చేప, చేపల రసం, రొయ్యల ముద్ద వద్దు" అని ఖ్మేర్‌లో అనువదించి ఫోన్లో పెట్టుకుని చూపించండి. ఊళ్లో భారతీయ హోటళ్లున్నాయి. కొబ్బరిబోండాలు ప్రతి గుడి ముందూ దొరుకుతాయి, మంచినీళ్లు మాత్రం సీసావే. ఓఆర్‌ఎస్ పొట్లాలు మర్చిపోకండి.

పలకరింపు మన నమస్కారమే, "జుమ్ రియప్ సువ" అంటారు. థ్యాంక్స్‌కి "ఓకున్". ఆడవాళ్లు బౌద్ధ భిక్షువుల్ని తాకకూడదు, చేతికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు. పిల్లలు ముద్దొచ్చినా తల నిమరకండి. పోస్టుకార్డులు అమ్మే పిల్లల దగ్గర కొనకండి, కొంటే వాళ్లు బడికి పోరు. ఆ డబ్బుతో పెద్దవాళ్ల దుకాణంలో కొనండి.

ఒక సాయంత్రం స్బెక్ థోమ్ ఆట ఎక్కడైనా ఉందా అని బసలో అడగండి. ఆ పేరుకి పెద్ద తోలు అని అర్థం. మనిషంత తోలు బొమ్మల్ని ఎత్తి పట్టుకుని రామకథ ఆడతారు. మన తోలుబొమ్మలకి కీళ్లు కదులుతాయి, వీటికి కదలవు, పట్టుకున్నవాడే అడుగులు వేస్తాడు.

పాసులో గంటలు మిగిలితే ఆఖరి సాయంత్రం కొత్త గుడికి పోకుండా 4 గంటలకి మళ్లీ అంగ్కోర్ వత్‌కే వెళ్లండి. పడమటి ముఖం కాబట్టి ఆ ఎండకే గుడి ముందు భాగం వెలుగుతుంది, పొద్దున నల్లగా కనబడ్డ గోపురాలు తేనె రంగుకి వస్తాయి. పడమటి ద్వార మండపం లోపలి గోడ మీద పళ్లు కనబడేలా నవ్వే దేవతా స్త్రీ ఒకతె ఉంది. మిగతా వందలాది మంది పెదాలు కలిపే నవ్వుతారు. ఇద్దరూ చెరో వైపు నుంచి వెతకడం మొదలుపెట్టండి. 5:30కి కాపలావాళ్లు వచ్చి పంపేస్తారు.